నలుపు తెలుపు కూజా

ఇంటికి సున్నం కొట్టిస్తున్నానని, అటక మీద నా సామాన్లేవో అడ్డంగా ఉన్నాయని, వచ్చి తీసుకుపొమ్మని మా వసంతక్క కబురు చేస్తే పోయిన చలికాలంలో తిరుత్తణి వెళ్ళాను. బావ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో అక్క ఒక్కతే ఉంటోంది. కొండకు పోయే దారిలో రెండు గదుల ఇల్లు. నేను వెళ్ళేసరికే సామానంతా వాకిట్లోకి చేరింది. నా పేరున ఉన్నదల్లా ఒక రేకు పెట్టె. అందులో నా పాత అరవ వాచకాలు, ఆసుపత్రి చీటీలు, నాయన కొనిచ్చిన అట్లాసు, అన్నిటి అడుగున పాత పంచె ముక్కలో చుట్టిన కాగితం ఒకటి. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. విప్పిన తర్వాత చాలాసేపు ఆ పెట్టె పక్కనే ఎండలో కూర్చుండిపోయాను.

జానెడున్నర పొడుగు, జానెడు వెడల్పు ఉండే బొమ్మ అది. లినోలియం పలక మీద ఉలితో చెక్కి, నల్ల సిరా పూసి, కాగితం మీద ఒత్తి తీసింది. రంగన్నది ఎక్కడా లేదు. ఒక బల్ల, దాని మీద ఒక కూజా, గాజు గ్లాసు, కోసిన నిమ్మకాయ, మడిచిన పేపరు, ఒక కత్తి. ఇంతే సామాను. కానీ ఇవేవీ మన ఇళ్ళలో ఉండేటట్టు ఉండవు. బల్లను పైనుంచి వంగి చూస్తున్నట్టు ఉంటుంది, దాని కాళ్ళను మాత్రం నేల మీద కూర్చుని చూస్తున్నట్టు. కూజా పొట్ట పక్క నుంచి కనబడుతుంది, మూతి పైనుంచి, నిండు గుండ్రంగా. గ్లాసు నిలువునా రెండు చెక్కలు. ఒక చెక్క నలుపు మీద తెల్ల గీత, రెండోది తెలుపు మీద నల్ల గీత. కూజా చెవి ఎక్కడ ముగుస్తుందో అక్కడే పేపరు మడత మొదలవుతుంది, ఆ గీత రెంటిలో దేనిదో తేలదు. తెల్లగా వదిలిన చోట్ల ఉలి తీయకుండా మిగిల్చిన సన్నటి నల్ల పోగులు, దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకల్లా. ఈ తీరు బొమ్మల్ని క్యూబిజం అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ బొమ్మ మాత్రం అప్పటికే కంఠతా వచ్చు. దాని కింద పదకొండు నెలలు పడుకున్నాను.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు వెన్నుపూసలో క్షయ వచ్చింది. అప్పుడు మేము తిరువళ్ళూరులో, వరసగా ఆరిళ్ళున్న ఒక పెంకుటింటి భాగంలో ఉండేవాళ్ళం. నాయన పట్టాభిరామ్ దగ్గర ఒక చిన్న కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసేవాడు. తెల్లారగానే రైలుకు పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. అమ్మ బియ్యం మిల్లులో చెరిగే పనికి పోయేది. నేను నడుము వంచలేకపోతే మొదట బడి ఎగ్గొట్టడానికి నాటకమన్నారు. తర్వాత వీపు మధ్యలో చిన్న బొడిపె లేచింది. మద్రాసు ఆసుపత్రిలో ఫోటో తీసి చూసి, చంకల దగ్గర నుంచి తుంటి దాకా మావుకట్టు వేశారు. సున్నపు పిండిలో తడిపిన గుడ్డను చుట్టిచుట్టి ఆరబెడితే రాయిలాగా బిగుసుకుపోతుంది, అదే మావుకట్టు. ఏడాది దాకా వెల్లకిలా పడుకోవాలన్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నాయనకు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. ఎప్పుడైనా పిల్లకు కాళ్ళు మొద్దుబారాయంటే ఆ క్షణమే తీసుకురండి, ఆలస్యం చేస్తే జన్మంతా నడవదు అని. ఆ మాట మంచం మీదున్న నేనూ విన్నాను.

మనిషిని రాతిలో పెడితే రోజు ఎంత పొడుగుంటుందో పెట్టినవాళ్ళకు తెలియదు. పొద్దున అమ్మ వేసే పొయ్యి పొగ వాసన, తర్వాత రాగిసంకటి కెలికే తెడ్డు చప్పుడు, ఆ తర్వాత నాయన చెప్పుల చప్పుడు, ఇంజను కూత. ఇద్దరూ పోయాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయ్యేది. మందు మాత్రలు మింగితే మధ్యాహ్నం దాకా నోట్లో తుప్పు రుచి. ఎండాకాలం కట్టు లోపల చెమట పోసి, పిండి నాని, పులిసిన గంజి వాసన వచ్చేది. దురద పుడితే చేతులు పోవు. అక్క కొబ్బరి ఈనె తెచ్చి, చంక దగ్గర సందులోంచి లోపలికి దూర్చి గోకేది. ఎక్కడ, ఇంకా కిందా, పక్కకా అని అడుగుతూ గోకేది. నా వీపు నాకే తెలియని ఊరైపోయింది. నాకు కనబడే లోకమంతా పైకప్పు. పెంకులు వరసకు ఎన్నో, దూలానికి ఎన్ని నెర్రెలో, ఏ బల్లి ఏ పొద్దుకు వస్తుందో నాకు తెలుసు. ఆ తెలియడంలో సంతోషమేమీ లేదు. జైల్లో ఉన్నవాడికి గోడ తెలిసినట్టు తెలుసు, అంతే.

అక్కకు అప్పుడు పందొమ్మిది. పదకొండో తరగతి పాసై, డ్రాయింగు నేర్చుకుంటోంది. ఆ రోజుల్లో సర్కారు పెట్టే డ్రాయింగు పరీక్షలు రెండుండేవి, లోయరు, హయ్యరు. రెండూ పాసైతే ట్రెయినింగుకు పోయి బడిలో డ్రాయింగు టీచరు కావచ్చు. అక్క లోయరు పాసైంది. ఇంట్లో నన్ను చూసుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చినప్పుడు, ఆ మనిషి అక్కేనని ఎవరూ అనలేదు, ఎవరూ అడగలేదు. ఒక రోజు అమ్మ మిల్లుకు పోయింది, అక్క పోలేదు. అలా నిర్ణయమైపోయింది. మలమూత్రాలు ఎత్తడం, తడిగుడ్డతో తుడవడం, తల దువ్వడం, అన్నం నోట్లో పెట్టడం, అన్నీ ఆమే. ఆమెకు నేర్పే సామ్యేలు మాస్టరు, బళ్ళో డ్రాయింగు టీచరు, మంచివాడు. నువ్వు రాకపోతే నేనే వస్తానని, ఆదివారం చర్చి అయ్యాక సైకిలు మీద మా ఇంటికి వచ్చి, అక్క వారమంతా వేసిన బొమ్మలు చూసి, తప్పులు దిద్దిపోయేవాడు. ఆ కూజా బొమ్మ ఆయనది. వయసులో ఉన్నప్పుడు మద్రాసులో చదువుకుంటూ చెక్కిందట. అక్క అదే పనిగా దాని గురించి అడుగుతుంటే ఒక ఆదివారం తెచ్చి ఇచ్చేశాడు.

అక్క దాన్ని మొదట గోడకు అతికించింది. నాకు మెడ తిప్పితే సగమే కనబడేది. రెండు రోజులు చూసి, ఒక అట్టకు అంటించి, నాలుగు మూలలా పురికొస కట్టి, దూలానికి వేలాడదీసింది, బొమ్మ నా ముఖం వైపు ఉండేటట్టు. నాకు ఏమాత్రం నచ్చలేదు. పగిలిన కూజా నా మీద పడబోతున్నట్టుందని, తీసెయ్యమని ఏడ్చాను. కిటికీ గాలికి అది మెల్లగా తిరిగేది. ఒకసారి కూజా నిలబడేది, ఒకసారి తలకిందులయ్యేది. ఎటు తిరిగినా కిందపడని కూజా అదొక్కటే అని అక్క నవ్వింది. దీన్ని వేసినాయన ఒకచోట నిలబడి వేయలేదనీ, బల్ల చుట్టూ తిరిగి, పైకెక్కి, కిందికి వంగి, చూసిందంతా ఒకే కాగితంలో పెట్టాడనీ చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. తిరిగేవాళ్ళు వేసిన బొమ్మ కదలలేనిదాని ముఖాన కడతావా అన్నాను. అక్క వంటింట్లోకి పోయి ఇత్తడి చెంబు, గ్లాసు, ఒక నిమ్మకాయ తెచ్చి నా రొమ్ము మీద, ఆ కట్టు మీద వరసగా పెట్టింది.

"మే, గట్టిగా ఊపిరి పీల్చబాకు. ఈపొద్దు నుంచి నువ్వే నా బల్ల," అంది.

ఆ పొద్దు నుంచి రోజూ మధ్యాహ్నం అదే పని. హయ్యరు పరీక్షలో వస్తువుల్ని ముందు పెట్టి చూసి గీయమంటారు. ఇంట్లో మంచి బల్ల లేదు, నేనున్నాను. అక్క నా కాళ్ళ దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని గీసేది. నేను గడ్డం కిందికి ఆనించి చూసేదాన్ని. ఆమెకు కనబడే చెంబు వేరు, నాకు కనబడే చెంబు వేరు. నాకు అడుగు అంచు పెద్దగా, మూతి దూరంగా, వంకరగా కనబడేది. చెంబు మెరుపులో నా ముఖం సాగిపోయి, కిటికీ వంగిపోయి ఉండేవి. అవతలి పక్కనున్న సొట్ట నాకు కనబడదు, కానీ ఏళ్ళ తరబడి నీళ్ళు తాగిన చేతికి అది ఎక్కడుందో తెలుసు. అట్లా ఒక మధ్యాహ్నం, కనబడేదాన్నీ తెలిసినదాన్నీ కలిపి అనుకుంటూ పైకి చూస్తే, దూలానికి వేలాడుతున్న కూజా ఒక్కసారిగా నాకు అర్థమైంది. అది పగిలిన కూజా కాదు. చుట్టూ తెలిసిన కూజా. నలుపు అంటే నీడ కాదు, అటుపక్క. తెలుపు అంటే వెలుగు కాదు, ఇటుపక్క. రెండూ ఒకేసారి ఉన్నాయి. ఆ మాట అక్కతో చెబితే ఆమె పెన్సిలు ఆపి, వచ్చే ఆదివారం ఇదే మాట మాస్టరుతో అనమంది. అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, ఈ అమ్మాయికి కన్నుంది అన్నాడు. అక్క ముఖం వెలిగిపోయింది. ఆ కన్ను ఎవరిదో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

పరీక్ష దగ్గర పడింది. మద్రాసులో రెండు రోజులు. మాస్టరు తోడు వస్తున్నాడు, మరో ఇద్దరు ఆడపిల్లలు కూడా వెళ్తున్నారు. పక్కింటి కన్నమ్మ, అరవావిడ, నన్ను తాను చూసుకుంటానని అమ్మకు మాటిచ్చింది. అందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నట్టు తల ఊపాను. కానీ ఆ చివరి వారంలో అక్క నడక మారింది. పనులు చేస్తూ పాడుకుంటోంది. నా తల దువ్వుతూ కిటికీ బయటకు చూస్తోంది. ఈనెతో గోకుతూ, ఎక్కడ అని అడగడం మరిచిపోతోంది. ఇంట్లో మరెవరూ గమనించలేదు. నాకు చూడడం తప్ప వేరే పని లేదు కనుక నేను గమనించాను. ఆమె పోతే ఈ పైకప్పు కింద నేనూ ఆ కూజా మిగులుతాం. రెండు రోజులే అని వెయ్యిసార్లు అనుకున్నాను. గుండె వినలేదు.

ఆ తెల్లవారి అక్క నీలం చీర కట్టుకుంది. డ్రాయింగు అట్టను పాత తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుంది. తలలో కనకాంబరాలు. అమ్మ అప్పటికే మిల్లుకు పోయింది. నాయన అక్కను రైలెక్కించి తాను పనికి పోదామని వాకిట్లో నిలబడ్డాడు. అక్క నా మంచం దగ్గరికి వచ్చి, పోయొస్తా మే, అని నా పాదం మీద చెయ్యి వేసింది. చల్లటి చెయ్యి. నాకు స్పష్టంగా తెలిసింది.

"అక్కా, నా కాళ్ళు తెలీడంలే," అన్నాను.

ఆమె చంకలోని అట్ట జారి నేలమీద పడింది. అరికాలు గిల్లింది. పిడికిలితో గుద్దింది. జడలోని పిన్ను తీసి బొటనవేలి మీద పొడిచింది. నేను కదలలేదు. ఎనిమిది నెలలు కదలకుండా ఉన్నదాన్ని, ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. నాయన వచ్చి చూసి, ఆ పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఎవరో కారు తెచ్చారు. చెక్క పలక మీద పడుకోబెట్టి నన్ను మద్రాసు తీసుకుపోయారు. దారి పొడుగునా అక్క నా కాళ్ళను ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. నిజం చెప్పడానికి ఆ దారిలో ఎన్నో ఊళ్ళు వచ్చాయి, పోయాయి. ఒక్కొక్క ఊరు దాటేకొద్దీ చెప్పడం మరింత కష్టమైంది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద తట్టాడు. కాలు ఎగిరింది. మోకాలికి అబద్ధం చెప్పడం రాదు. ఆయన మళ్ళీ తట్టాడు, రెండో కాలూ తట్టాడు. తర్వాత నా కళ్ళలోకి చూశాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. నాయనతో మాత్రం, నరం ఏదో కాసేపు నొక్కుకుని ఉంటుంది, భయం లేదు, ఒక రాత్రి ఉంచి పంపిస్తాను అన్నాడు. నాయన రెండు చేతులెత్తి మొక్కాడు. అక్క నా పాదాలు పట్టుకుని ఏడ్చింది, సంతోషంతో. అదే ఊళ్ళో, ఎంతో దూరం లేని ఒక బళ్ళో, ఆ వేళకు పిల్లలు వస్తువులు ముందు పెట్టుకుని బొమ్మలు గీస్తున్నారు.

ఆ తర్వాత నా రొమ్ము మీద చెంబు పెట్టడం ఆగిపోయింది. బరువు వల్లే నరం నొక్కుకుందేమోనని అక్క తనకు తానే అనుకుంది. నేను కాదనలేదు. మాస్టరు వచ్చే ఏడు రాయొచ్చన్నాడు. వచ్చే ఏటికి ఆయనను దూరంగా ఆరంబాక్కం పక్కకు బదిలీ చేశారు. నా కట్టు విప్పిన నెలకు, అమ్మ మొక్కుకున్న మొక్కు ప్రకారం తిరుత్తణి కొండకు పోయాం. నేను మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాను, అక్క నా నడుం చుట్టూ చెయ్యి వేసి ఎక్కించింది. పైన నాకు గుండు కొట్టించారు. అక్కడే, ఆ కొండ మీదే, బావ వాళ్ళ అమ్మ అక్కను చూసింది. చెల్లెల్ని ఇంత జాగ్రత్తగా చూసుకునే పిల్ల మా ఇంటికి రావాలి అందట. అమ్మ ఆ మాటను చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకుంది. బావ మంచివాడే. అక్క పెళ్ళై తిరుత్తణి వచ్చి, పిల్లలు పుట్టాక బడిలో సత్తుణవు వండే పనిలో చేరి, రిటైరయ్యే దాకా పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండి పెట్టింది. మళ్ళీ పెన్సిలు పట్టగా నేను చూడలేదు.

నేను చదువుకున్నాను. టీచరునయ్యాను. అరవం బడిలో నేర్చుకున్నా, మంచం మీద పడుకుని పాత తెలుగు పత్రికలు కూడబలుక్కుని చదివిన అలవాటుతో తెలుగులో రాయడం మొదలుపెట్టాను. బొమ్మల గురించి రాసేదాన్ని. ఒక బొమ్మ ముందు నిలబడి అందులో ఏముందో మామూలు మాటల్లో చెప్పడం నాకు వచ్చని కొందరన్నారు. ఎక్కడ నేర్చుకున్నారని సభల్లో అడిగితే, మా అక్క నేర్పింది అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ సభలకు అక్కను ఒక్కసారి కూడా పిలవలేదు.

అందుకే ఆ మధ్యాహ్నం తిరుత్తణిలో ఆ కాగితాన్ని చూస్తూ నేనిక ఊరుకోలేకపోయాను. అక్క వాకిట్లో చాప మీద కూర్చుని, నానబెట్టిన అనపగింజల్ని పితుకుతోంది. వేళ్ళ మధ్య నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఆ పరీక్ష పొద్దు నా కాళ్ళకు ఏమీ కాలే. నువ్వు పిన్నుతో పొడిచింది తెలిసింది. నేనే అబద్ధం చెప్పినా," అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. ఇంకో పది గింజలు పితికింది. అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇన్నాళ్ళూ అది నా తలరాత అనుకొన్నా," అంది. "తలరాతను ఎవుర్ని అడుగుతాం? అట్లే మోసుకోనొస్తి. ఇప్పుడు నువ్వొచ్చి అది రాత కాదు, చేసింది నేనే అంటావుండావు. నీ బరువు నువ్వు దించుకొన్నావు. దీన్ని నేను యాడ పెట్టుకునేది?"

ఆమె లేచి పితికిపప్పు పులుసు చేసి, అన్నం పెట్టింది. తిన్నాను. బయల్దేరుతుంటే, కొన్నాళ్ళు రావద్దని, తానే ఫోను చేస్తానని చెప్పింది.

రెండు నెలలు ఫోను రాలేదు. ఆ రోజుల్లో నేను పాతకాలాన్నీ ఇప్పటికాలాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటూ గడిపాను. ఇప్పుడు ఆ జబ్బుకు మాత్రలు మింగి, నడుస్తూ తిరుగుతూ బాగవుతున్నారు, పిల్లల్ని అట్లా రాతిలో పెట్టడం లేదు. ఆ తీరు బొమ్మలు చూడాలంటే సైకిలు మాస్టరు కోసం ఆదివారం దాకా ఆగనక్కర్లేదు, ఫోనులో వేలితో తోస్తే వందలు, రంగుల్లో. నేనే వాటిని ఎన్నో చూశాను, దూరదేశపు మ్యూజియంలో నిజమైనవాటి ముందూ నిలబడ్డాను. ఒక్కటీ పదకొండు నెలలు చూడలేదు. ఆడపిల్ల చదువు ఆపాలంటే ఇప్పుడు ఇంట్లో కనీసం ఒక మాట అనుకుంటారు, ఆ పిల్లా ఒక మాటంటుంది. అప్పుడు మాట కూడా అక్కర్లేకపోయింది. ఇవన్నీ నిజమే. కానీ ఇంత చెప్పినా, అక్కను ఆపింది కాలం కాదు. అమ్మానాన్నలు సరేనన్నారు, మాస్టరు రైలు దగ్గర ఎదురుచూశాడు, కన్నమ్మ తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. ఆ ఒక్క పొద్దు మాత్రం అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. మూసింది నేను.

మూడో నెలలో ఒక ఉదయం ఫోను మోగింది. అక్క కుశలం అడగలేదు.

"ఏంటికి మే అట్ల చెప్పినావు?" అంది.

"నువ్వు మళ్ళీ రావని భయమేసింది అక్కా."

అప్పుడు అక్క మెల్లగా చెప్పింది. మద్రాసులో పనిచేసే ఆడపిల్లలుండే ఒక హాస్టల్లో మాస్టరు తనకు చోటు అడిగిపెట్టాడట. పరీక్ష అయినాక అక్కడే ఉండిపోయి, ఏదో ఒక పని చూసుకుంటూ చదువుకుందామని అనుకుందట. ఇంట్లో చెబితే పంపరని, అక్కడికి పోయినాక నాయనకు జాబు రాద్దామనుకుందట.

"నీ భయం నిజమే మే. ఆ పొద్దు నేను నిన్ను ఇడిసిపెట్టి పోతావుండినా," అంది.

ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టెయ్యలేదు.